గోడవారి పారిజాతం

“చచ్చిపోయిందే అది. పీకి పారెయ్,” అంది అమ్మ.

2022 మార్చి. గోడవారగా నాటిన పారిజాతానికి ఒక్క ఆకు లేదు. నాలుగడుగుల పొడవున బూడిదరంగు పుల్లలు నాలుగైదు నిలబడి ఉన్నాయి. గుండ్రంగా కాకుండా నాలుగు పలకలుగా ఉండే పుల్లలు. జనవరి దాకా బాగానే ఉంది. సంక్రాంతి వెళ్ళాక ఆకులు పసుపుపచ్చగా మారడం మొదలైంది. ఫిబ్రవరిలో రోజుకి గుప్పెడు చొప్పున రాలాయి. మార్చికి మోడైంది.

మాది మల్కాజిగిరిలో పాత ఇల్లు. అద్దెది. కింది పోర్షనూ, ముందు పన్నెండడుగుల మట్టినేలా మావి. “అద్దింట్లో చెట్టు నాటడమేంటే, రేపు ఖాళీ చెయ్యమంటే నెత్తిన పెట్టుకుపోతావా?” అని నాటిన రోజే అంది అమ్మ. నిజమే. అయినా నాటాను. ఎందుకు నాటానో చెప్పాలంటే 2021 మే నెల దగ్గరికి వెళ్ళాలి. అక్కడికి నేరుగా వెళ్ళడం నాకు చేతకాదు. ముందు చెట్టు సంగతి చెప్తాను.

ఆ ఆగస్టులో, వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం, రోడ్డు పక్క నర్సరీలో 120 రూపాయలు పెట్టి కొన్నాను. నల్ల కవర్లో మూడడుగుల మొక్క. ఆకు ముట్టుకుంటే ఉప్పుకాగితం రాసినట్టు గరగరలాడింది. ఒకటిన్నర అడుగు గొయ్యి తవ్వి, ఎర్రమట్టి, ఇసుక, చివికిన పేడ కలిపి నాటాను. నర్సరీ అతను రెండే మాటలు చెప్పాడు. “ఎండ బాగా తగలాలె. నీళ్ళు నిలవొద్దు.” మొదటిది విన్నాను, రెండోది మరిచిపోయాను.

మార్చిలో మోడు చూసి నాకు భయం పట్టుకుంది. రోజూ పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు పోశాను. ఎండిపోతుంటే నీళ్ళు పొయ్యడం తప్ప ఇంకేం తెలుస్తుంది నాలాంటి దానికి? వారం తిరిగేసరికి పాదులో మట్టి బురదైంది, పాచి వాసన మొదలైంది. పుల్లల చివర్లు నల్లబడ్డాయి. అప్పుడు మళ్ళీ ఆ నర్సరీకి వెళ్ళి ఫోటో చూపించాను. అతను ఫోటో వైపు సరిగా చూడను కూడా లేదు. “నిద్రవోతున్నది మేడం. నిద్రలో ఉన్నోళ్ళకి అన్నం తినవెడ్తరా? నీళ్ళు బంజెయ్యి,” అన్నాడు.

గోటితో బెరడు గీకి చూడమని కూడా అతనే చెప్పాడు. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగులో పెళుసుగా ఉంటే పోయినట్టు. ఇంటికొచ్చి గీకాను. చివర్ల దగ్గర గోధుమరంగు. ఒక జానెడు కిందికి వస్తే సన్నటి పచ్చగీత. అమ్మని పిలిచి చూపించాను. “ఆఁ,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆకు రాల్చే చెట్టుని పెంచుకోవడం ఒక అలవాటు. మన వేపలూ కానుగలూ కూడా రాలుస్తాయి గానీ, రాలిన వారం పది రోజులకే చిగురు వేసేస్తాయి కాబట్టి మనం పెద్దగా పట్టించుకోం. కుండీల్లో పెంచే మొక్కలైతే ఏడాది పొడుగునా ఒకేలా ఉండాలని కొంటాం. పారిజాతం అలా కాదు. హిమాలయాల పాదాల నుంచి మధ్య భారతం మీదుగా పొడి అడవుల్లో, రాళ్ళున్న వాలుల్లో తనంతట తాను పెరిగే జాతి అది. ఎండాకాలం అక్కడ నీళ్ళుండవు. ఆకులుంటే ఉన్న తేమంతా వాటిలోంచి ఆవిరైపోతుంది. అందుకే ముందుగానే ఆకుల్ని వదిలించుకుని, కొమ్మల్నీ వేర్లనీ దాచుకుంటుంది. మనకి చావులా కనబడేది దానికి పొదుపు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ మార్చిలో నాకు తెలిసిందల్లా ఇంట్లో ఇంకొకటి పోకూడదని.

నాన్న 2021 మేలో పోయాడు. సెకండ్ వేవ్. తెనాలి దగ్గర మా ఊళ్ళో పదో రోజు చేశాం. లాక్‌డౌన్ కాబట్టి పదిమందిమే ఉన్నాం. ఆ రోజు పొద్దున మా పెద్దత్తయ్యా, ఇంకో ఇద్దరూ అమ్మకి తల నిండా పూలు పెట్టారు. చేతుల నిండా గాజులు వేశారు. కాసేపు ఉంచి, అన్నీ తీసేశారు. అదంతా ఎలా చేస్తారో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పాలని లేదు.

అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. చలాన్నీ ఓల్గానీ చదివినదాన్ని. ఈ తంతు గురించి ఫేస్‌బుక్కులో రెండుసార్లు ఘాటుగా రాసినదాన్ని. నా ఇంట్లో, నా అమ్మకి జరుగుతుంటే వసారా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. నోరు పెగల్లేదు. పెద్దత్తయ్య ఏడుస్తూనే చేస్తోంది ఆ పని. ఆమెకీ ఎవరో అలాగే చేసి ఉంటారు పదేళ్ళ కింద. “ఆపండి” అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

పెరట్లో అమ్మ పెంచిన కనకాంబరాల వరస ఉండేది. రోజూ సాయంత్రం కోసి, మరువంతో కలిపి కట్టేది. ఆ తర్వాత వాటి వైపు వెళ్ళలేదు. జులైలో నాతో హైదరాబాదు వచ్చేసింది. ఇక్కడ వీధిలోకి పూలావిడ వచ్చి “మల్లెపూలమ్మా” అంటే, అమ్మ టీవీ సౌండు పెంచేది. దేవుడి దగ్గర కూడా తులసాకులే పెట్టేది.

అదీ పారిజాతం నాటడానికి కారణం. ఇది కొయ్యక్కర్లేని పువ్వు. ఎవరూ జడలో పెట్టుకోరు. దండ గుచ్చినా మధ్యాహ్నానికి తెల్లరెక్క వడిలిపోతుంది. రాత్రి పూసి, తెల్లారేసరికి తనే రాలిపోతుంది. కింద పడ్డ పువ్వు దేవుడికి పనికిరాదంటారు కదా, దీనికి మాత్రం మినహాయింపు. కిందపడ్డవే ఏరి పూజ చేస్తారు. ఎవరికీ ఏ నియమమూ అడ్డం రాని పువ్వు ఒకటి ఇంట్లో ఉండాలనుకున్నాను. ఈ ఆలోచన అమ్మకి చెప్పలేదు. చెప్తే అది ఆమె మీద నేను చేస్తున్న ప్రయోగంలా ఉండేది. నిజం చెప్పాలంటే ప్రయోగమే.

ఆ ఏడు మే చివర్లో రెండు వానలు పడ్డాక ఒక సాయంత్రం చూస్తే, కణుపుల దగ్గర ఎదురెదురుగా రెండేసి చిగుళ్ళు. జూన్ చివరికి మోడు కనబడకుండా ఆకు కమ్మేసింది. “పోలేదన్నమాట,” అంది అమ్మ. చెట్టుతో అంది, నాతో కాదు.

ఆ ఎదురుచూపు నెలల్లో దీని గురించి దొరికిందల్లా చదివాను. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన పేరు నిక్టాంథిస్ అర్బోర్‌ట్రిస్టిస్. మొదటి మాట గ్రీకు, రాత్రి పువ్వు అని. రెండోది లాటిను, దుఃఖవృక్షమని. పగలు చూస్తే పూలన్నీ రాల్చుకుని కళ తప్పి ఉంటుంది కాబట్టి ఆ పేరు. అంతకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే గార్సియా ద ఓర్టా అనే పోర్చుగీసు వైద్యుడు, గోవాలో 1563లో అచ్చయిన తన పుస్తకంలో ఈ చెట్టు గురించి ఒక అధ్యాయం రాశాడు. అక్కడి జనం చెప్పుకునే కథ కూడా చేర్చాడు. ఒకమ్మాయి సూర్యుణ్ణి ప్రేమించింది. అతను వదిలేసి వెళ్ళిపోతే ప్రాణం తీసుకుంది. ఆమె బూడిదలోంచి ఈ చెట్టు మొలిచింది. అందుకే దీని పువ్వులు సూర్యుడి మొహం చూడవు.

చదువుతుంటే నాకు చిరాకేసింది. మగవాడు వదిలి వెళ్తే ఆడది బూడిదవ్వడం, ఆ బూడిద కూడా జీవితాంతం ఏడవడం. పైగా బొటానికల్ పేరులోకే ఆ ఏడుపు ఎక్కేసింది. మన తెలుగు పేరు నయం. పగడమల్లె. తెల్లరెక్కల మధ్య, కాడ దాకా పగడపు రంగు ఉంటుంది కాబట్టి ఆ పేరు. చూసినదాన్ని చూసినట్టు చెప్పే పేరు. బెంగాల్‌లో శివులి అంటారు, వాళ్ళ రాష్ట్ర పుష్పం. మా టీమ్‌లో కలకత్తా అమ్మాయి ఉంది. మీటింగు అయ్యాక మాటల్లో ఈ చెట్టు సంగతి చెప్తే, “ఆ వాసన వస్తే పూజో వచ్చినట్టే మాకు,” అంది. ఒకే పువ్వు ఒకచోట దుఃఖం, ఇంకోచోట పండగ సెలవులు.

ఇక మన పారిజాతం కథ తెలిసిందే. నారదుడు తెచ్చిన పువ్వుని కృష్ణుడు రుక్మిణికిస్తే సత్యభామ అలగడం, ఆయన కాళ్ళమీద పడితే ఎడంకాలితో తన్నడం, చివరికి ఇంద్రుడితో పోరి చెట్టునే తెచ్చి ఆమె పెరట్లో నాటడం. కృష్ణదేవరాయల కొలువులో నంది తిమ్మన కావ్యమే రాశాడు. ఆ దేవతల చెట్టూ మా గోడవారి చెట్టూ ఒకటేనా అంటే అమరకోశం చూస్తేనే తికమక. అందులో పారిజాతకం ఒకచోట అయిదు దేవతా వృక్షాల్లో ఒకటి, ఇంకోచోట ముళ్ళ బాడిదకి కూడా అదే పేరు. కథకి చివర మా అమ్మమ్మ ఒక తోక తగిలించేది. చెట్టు సత్యభామ పెరట్లోదే గానీ, పూలన్నీ గోడ దాటి రుక్మిణి వాకిట్లో రాలేవట. చిన్నప్పుడు విని నవ్వుకున్నాను. అది మా ఇంట్లో జరుగుతుందనుకోలేదు.

2022 అక్టోబరులో మొదటి పూలు పూశాయి. వర్క్ ఫ్రమ్ హోమ్. రాత్రి పదిగంటల కాల్‌లో ఉండగా కిటికీలోంచి వాసన వచ్చింది. మల్లెలా మీద పడే వాసన కాదు. తేనె కలిపిన చల్లగాలిలా వచ్చి పోతూ ఉంటుంది. కాల్ మ్యూట్‌లో పెట్టి టార్చి పట్టుకుని బయటికెళ్ళాను. లెక్కపెడితే పదకొండు. పొద్దున అయిదున్నరకి లేచి చూసేసరికి మా వైపు నేల మీద మూడే ఉన్నాయి. మిగతావి గోడ అవతల.

అవతలింటి ఆంటీతో మాకు అప్పటికే పడదు. ఆమె స్కూటీ మా గేటుకి అడ్డం పెడుతుంది. మా వాననీళ్ళు ఆమె వాకిట్లోకి పోతాయి. ఆ జనవరిలో ఆకు రాలడం మొదలవ్వగానే గోడ మీంచి పిలిచింది.

“ఏం బిడ్డా, గీ చెట్టు ఆకులన్నీ మా దిక్కే వడ్తున్నయ్. పొద్దుగాల లేస్తే ఊడ్వలేక సస్తున్న. కొట్టెయ్యరాదు?”

నేనేదో అనబోయేంతలో అమ్మ బయటికొచ్చింది. “మీ వైపు కొమ్మలు తీయిస్తాం లెండి,” అంది. ఎవరితోనైనా తనంతట తాను మాట కలపడం ఏడాదిన్నరలో అదే మొదటిసారి.

ఫిబ్రవరిలో ఆకంతా రాలాక కత్తిరించాం. నేను స్టూలెక్కాను, అమ్మ పట్టుకుంది. గోడ మీదకి వెళ్ళినవే కాక, చుట్టూ మూడోవంతు తీసేశాం. బాధేసింది గానీ అది చెట్టుకి మేలే అయింది. పారిజాతం కొత్తగా వచ్చిన రెమ్మల చివర్ల పూస్తుంది. పూత అయిపోయాక, ఆకు లేనప్పుడు కత్తిరిస్తే వానాకాలంలో రెమ్మలు రెట్టింపు వస్తాయి. వదిలేస్తే ఇది ముప్ఫై అడుగుల చెట్టవుతుంది, కత్తిరిస్తూ ఉంటే మనిషెత్తు పొదలా ఉంటుంది. మేం పొదగా ఉంచాలనుకున్నాం. ఆ వేసవి నీళ్ళు పదిరోజులకొకసారి, అదీ ఒక చెంబు. జులైలో ఆకుల కింద గొంగళిపురుగులు పట్టాయి. అమ్మ పాత పటకారుతో ఏరి బూడిదలో వేసింది. “మందు కొట్టకు, పూలు ఏరుకునేది మనమేగా,” అంది. మనమే అంది.

2023 సెప్టెంబరులో పూత మొదలైంది. ఈసారి లెక్కపెట్టడానికి కుదర్లేదు. కత్తిరించిన వైపే, అంటే గోడ వైపే రెమ్మలు ఎక్కువ వచ్చాయి. పూలు మళ్ళీ అటే. ఒకరోజు పొద్దున అలికిడైతే కిటికీలోంచి చూశాను. గోడకి ఇవతల అమ్మ వంగి స్టీలు పళ్ళెంలోకి పూలు ఏరుతోంది. అవతల ఆంటీ ప్లాస్టిక్ జల్లెడలోకి ఏరుతోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. తడినేల మీద కొన్ని బోర్లా, కొన్ని వెల్లకిలా పడి ఉన్నాయి.

నాలుగో రోజుకి మాటలు మొదలయ్యాయి. మోకాళ్ళ నొప్పులకి ఈ ఆకు కషాయం మంచిదని ఎవరో చెప్పారట, ఆంటీ ఆకులడిగింది. అమ్మ కోసిచ్చింది. మర్నాడు “చేదు విషం వదినా, ఒక్క గుక్క తాగి పారవోసిన,” అని ఆంటీ నవ్వింది. ఆ తర్వాత గోడ మీంచి సర్వపిండి వచ్చింది, ఇటునుంచి గోంగూర పచ్చడి వెళ్ళింది. స్కూటీ ఇప్పటికీ మా గేటుకి అడ్డమే ఉంటుంది. అదొక్కటీ మారలేదు.

ఒకరోజు వాళ్ళ మాటలు విన్నాను. ఆంటీ తన కొప్పులో రెండు పారిజాతాలు దోపుకుంది. “నువ్వు గూడ పెట్టుకో వదినా, ఎవడడుగుతడు ఈడ?” అంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. రెండేళ్ళుగా నేననలేని మాట ఆమె అంత తేలిగ్గా అనేసింది. అమ్మ నవ్వింది. “నాకొద్దులే వదినా, జుట్టెక్కడుంది,” అంది. పళ్ళెం తీసుకుని లోపలికొచ్చి దేవుడి దగ్గర పూలు పోసింది.

ఆ నవంబరులో ఒక మధ్యాహ్నం ఇద్దరం వసారాలో కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం. ధైర్యం చేసి అన్నాను.

“అమ్మా, పదో రోజు నేను ఆపి ఉండాల్సింది.”

“ఏం ఆపడం?”

“అదే. పూలూ, గాజులూ.”

అమ్మ చిక్కుడుకాయని విరిచింది. పురుగుందేమో చూసింది.

“నువ్వు ఆపితే మీ పెద్దత్తయ్య ఆగేదా? నాకు అదేం గుర్తులేదే. తల బరువుగా ఉంది, ఎప్పుడు తీసేస్తారా అనుకున్నా. తీసేశాక నువ్వొచ్చి పక్కన కూచుంటావనుకున్నా. ఫోను పట్టుకుని మేడ మీదికెళ్ళిపోయావు. సాయంత్రం దాకా దిగలేదు.”

నాకు గుర్తుంది. మేడ మీద కూచుని ఒక స్నేహితురాలికి పెద్ద మెసేజి రాశాను. ఎంత అనాగరికమో, నాకెంత కోపంగా ఉందో, నేనెంత పిరికిదాన్నో. రాసి, చెరిపి, మళ్ళీ రాశాను. కింద అమ్మ ఒక్కతే కూచుని ఉందన్న సంగతి ఆ మెసేజిలో ఎక్కడా లేదు.

రెండున్నరేళ్ళు నేను మోసిన తప్పు ఒకటి. అమ్మ గుర్తుపెట్టుకున్నది ఇంకొకటి. ఆపకపోవడం తప్పు కాదని అనను. ఇప్పటికీ అది ఆగాల్సిన తంతే. కానీ ఆపలేకపోయినవాళ్ళు కనీసం చెయ్యగలిగిన పని ఒకటుంటుంది. అది నాకు తట్టనే లేదు. మోడు కనబడగానే రెండు బకెట్లు పోసేసి చేతులు దులుపుకున్నట్టే, పూలు వద్దన్న మనిషికి ఒక పూలచెట్టు నాటేసి ఊరుకున్నాను.

“సారీ అమ్మా,” అన్నాను.

“సరేలే, ఆ గిన్నె ఇలా తే,” అంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే అయిదున్నరకి నేనూ లేస్తున్నాను. పూలున్నన్నాళ్ళు ఏరాను. డిసెంబరు మధ్యకి పూలయిపోయాయి. కాయలు మిగిలాయి. పల్చగా, పాత పావలాబిళ్ళంత ఉంటాయి. ముదిరితే గోధుమరంగుకి తిరిగి రెండుగా విడిపోతాయి, ఒక్కో సగంలో ఒక్కో గింజ. పూలు లేకపోయినా లేవడం మానలేదు. అమ్మ కాఫీ పెడుతుంది. గోడ అవతల ఆంటీ చీపురు చప్పుడు వినబడుతుంది, ఆకులు ఊడుస్తూ గొణుగుతూ ఉంటుంది. మేం మెట్లమీద కూచుంటాం. కొన్ని రోజులు మాట్లాడుకుంటాం. నాన్న గురించి కూడా. కొన్ని రోజులు ఏమీ ఉండదు.

ఇప్పుడు 2024 మార్చి. చెట్టు మళ్ళీ మోడైంది. ఇంటి ఓనరు ఫోను చేసి, వచ్చే ఏడాది ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటుకి ఇచ్చే ఆలోచనలో ఉన్నానన్నాడు. అమ్మకి చెప్తే “నేను ముందే అనలా,” అంది. ఆ సాయంత్రం ఒక కవరు నిండా ముదురు కాయలు ఏరి, సగం గోడ మీంచి ఆంటీకిచ్చింది. మిగతావి గింజలు తీసి ఆరబెట్టి, పెరుగు డబ్బాల్లో మట్టి నింపి నాటింది. ఆరు డబ్బాలు. ఇప్పటికి రెండు మొలిచాయి.

నిన్న నేను పాదు దగ్గర చెంబుతో నిలబడితే లోపలినుంచి కేకేసింది.

“నీళ్ళు పొయ్యకు. నిన్ననేగా పోశావు. ఊరికే వచ్చి ఇలా కూచో.”